నీళ్లు బట్టలా జారాలంటే

మా పెరట్లో రాళ్లతో చిన్న వాటర్‌ఫాల్, కింద పాండ్ కట్టా. నీళ్లు పరదాలా జారతాయనుకుంటే బకెట్‌తో కుమ్మరించినట్టు చిందాయి. పెద్ద మోటార్ పెట్టా. ఇంకా ఘోరం!

అప్పుడు దొరికింది 'సకుతేయికి'. 11వ శతాబ్దపు జపాన్‌లో పెద్దింటి తోటలు కట్టడానికి రాసిన పుస్తకం. రాసింది తచిబానా నో తోషిత్సునా అంటారు. జలపాతం పడే ఒక్కో తీరుకి అందులో ఒక్కో పేరుంది. దారాల్లా పడాలంటే పైఅంచున మొనలున్న రాయి పెట్టాలి. ఆరేసిన బట్టలా పడాలంటే నున్నటి రాయి పెట్టి, దానికి ఎగువన నీళ్లను నిలబెట్టి, మెల్లగా వదలాలి. అంటే నా బగ్ రాయిలో కాదు, ఎగువన ఉంది! రాళ్ల సందుల్లో బంకమట్టి కూరమనీ ఉంది. సిమెంట్ లేని రోజులు మరి.

పాత మోటారే బిగించి, పైన చిన్న తొట్టి కట్టా. ఇప్పుడు బట్టలాగే జారుతోంది. అమ్మ మాత్రం, "బట్టలారేయడానికి దండెం కట్టమంటే ఇది కట్టావేంట్రా!" అంటోంది.