సూరత్ మీదుగా ఒక సెనేటర్ ఇంటికి

1793 జూన్ 2. పారిస్‌లో ఫ్రెంచి విప్లవ కాలపు శాసనసభ, జాతీయ కన్వెన్షన్‌ను సాయుధులు చుట్టుముట్టారు. వేదిక దిగకపోతే కొట్టి పడేస్తానని సభ్యుడు లెజాండ్ర్ మీదికొచ్చాడు. అతను వృత్తిరీత్యా కసాయి. నేను ఎద్దునని ముందు తీర్మానం చేయించు, తర్వాత కొడుదువుగాని అన్నాడు వేదిక మీదున్న జాన్ డెనీ లాంజ్వినే. దిగలేదు.

రెన్ పట్టణపు న్యాయశాస్త్ర ఆచార్యుడాయన. 1789లో ప్రజాప్రతినిధిగా వచ్చాడు. రాజు విచారణలో మరణశిక్షకు ఒప్పుకోలేదు. జూన్ గొడవ తర్వాత పారిపోయి, రెన్‌లోని సొంత ఇంటి అటక మీద 18 నెలలు దాక్కున్నాడు. ఇంత తెగువగల మనిషి చివరి దశలో ఉపనిషత్తుల మీద కూర్చున్నాడంటే, ఆ దారి సూరత్ నుంచి వెతకాలి.

సూరత్‌లో తాపీ నది ఒడ్డున ఫ్రెంచి వర్తకులు 1668లోనే గిడ్డంగి తెరిచారు. 1758లో అక్కడికి ఆంకెతీల్ దుపెరోన్ చేరాడు. పార్సీల పవిత్ర గ్రంథాలు చదవాలన్న తపనతో, ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సిపాయిగా చేరి మరీ ఓడెక్కిన యువకుడు. పార్సీ పురోహితుడు దస్తూర్ దారాబ్ పారసీ భాష ద్వారా అతనికి ఆ గ్రంథాల భాష అవెస్తా బోధించాడు. యూరప్‌లో ఎవరికీ అందని విద్య అది. ఆ గురువుకు మన చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాలైనా దక్కకపోవడం అన్యాయం. శిష్యుడు 1762లో 180 రాతప్రతులతో పారిస్ చేరి, 1771లో జెండ్ అవెస్తా ప్రచురించాడు.

తర్వాత ఫైజాబాద్ నుంచి ఫ్రెంచి సైనికాధికారి జాంటీ ఆంకెతీల్‌కు మరో ప్రతి పంపాడు. 1657లో మొగల్ యువరాజు దారా షుకో పారసీలోకి తెచ్చిన యాభై ఉపనిషత్తులవి. సూరత్‌లో పదునెక్కిన పారసీతోనే ఆంకెతీల్ వాటిని లాటిన్‌లోకి మార్చాడు. 1801, 1802ల్లో స్ట్రాస్‌బర్గ్‌లో రెండు సంపుటాలు వచ్చాయి.

1804లో నెపోలియన్ చక్రవర్తి అయినప్పుడు ఆంకెతీల్ విధేయతా ప్రమాణం చేయనన్నాడు. అదే ఏడాది సామ్రాజ్యాన్ని కాదన్న కొద్దిమంది సెనేటర్లలో లాంజ్వినే ఒకడు. ఇద్దరిదీ ఒకే ధాతువని నా నమ్మకం. పేదరికంలో బతికిన ఆంకెతీల్ 1805 జనవరిలో పోయాడు.

లాంజ్వినే మాత్రం ఆ లాటిన్ సంపుటాలను వదల్లేదు. 1815లో ప్రతినిధుల సభకు అధ్యక్షుడయ్యాడు, తర్వాతా రాచరికపు అతివాదులతో తలపడ్డాడు. 1823లో, 70 ఏళ్ల వయసులో, వాటిని విశ్లేషిస్తూ హిందువుల మతంపై పుస్తకం తెచ్చాడు. ఆ లాటిన్ ఉపనిషత్తులను మెచ్చుకున్న జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్‌ను తలచుకునే మనం ఈయననూ తలచుకోవాలి. 1827లో ఆయన పోయాక, 1832లో కొడుకు అచ్చువేయించిన రచనల్లో రాజకీయ వ్యాసాల సరసనే ఈ భారతీయ అధ్యయనాలూ ఉన్నాయి.