కఫ్ర్ ఖాసిం: ఒక సాయంత్రం, ఒక అరగంట

నేను ఉర్దూ మీడియంలో చరిత్ర చెప్పేవాణ్ణి. నా తెలుగు బజారులో నేర్చిన తెలుగు గనుక తప్పులుంటే మన్నించగలరు. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ చదవడం రాదు, అందుకే తెలుగులో రాస్తున్నాను.

ఫలస్తీన్ గురించి రాయమని కమిటీవారు అడిగినప్పుడు ముందుగా నా క్లాసులో ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. "సార్, మొత్తం ఎంతమంది చనిపోయినారు?" అని అడిగినాడు. అంకెలు చెప్పవచ్చు. 1948 ఏప్రిల్‌లో దైర్ యాసీన్‌లో నూరుమందికి పైగా. 1982లో బైరూత్‌లోని సబ్రా, షతీలాలలో ఎన్ని వందలో, ఎన్ని వేలో నేటికీ ఒక లెక్క కుదరలేదు. 1994 రంజాన్‌లో అల్‌ఖలీల్‌లోని ఇబ్రాహీమీ మసీదులో ఫజర్ నమాజు చేస్తున్న 29 మంది. అదే అల్‌ఖలీల్‌లో 1929లో 67 మంది యూదులను చంపినారు, అప్పుడు కొన్ని అరబ్బు కుటుంబాలు తమ యూదు పొరుగువారిని ఇళ్లలో దాచి కాపాడినాయి. ఇది కూడా చెప్పకపోతే నేను చరిత్ర మాస్టరును కాను. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది, ఆ తరువాత గాజాలో పదుల వేల మంది. ఇట్లా బోర్డు మీద రాసుకుంటూ పోతే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, గంట కొట్టగానే మరిచిపోతారు. అందుకని ఆ రోజు క్లాసులో ఒకే ఒక్క ఊరు, ఒకే ఒక్క సాయంత్రం గురించి చెప్పినాను. ఇక్కడా అదే రాస్తాను.

ఆ ఊరి పేరు కఫ్ర్ ఖాసిం. టెల్ అవీవ్‌కు తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరం. 1949లో జోర్డాన్‌తో జరిగిన ఒప్పందంలో గీసిన గీత వలన ఈ ఊరు ఇజ్రాయెల్ వైపు వచ్చింది. ఊరివారికి ఇజ్రాయెల్ పౌరసత్వం ఉంది, ఓటు ఉంది. కాని వారి మీద పరిపాలన మాత్రం మిలిటరీది. పక్క ఊరికి పోవాలన్నా పర్మిటు కావాలి. దేశంలోని అరబ్బుల మీద ఈ మిలిటరీ పాలన 1966 దాకా నడిచింది. 1956లో ఆ ఊళ్లో ఉన్నది రెండువేల మంది. పొలం పని, రాతి క్వారీల పని, జైతూన్ తోటల పని వారి బతుకు.

1956 అక్టోబర్ 29న ఇజ్రాయెల్ ఈజిప్టు మీద యుద్ధం మొదలుపెట్టింది. సూయజ్ యుద్ధమని పిల్లలు చదివే పాఠం అదే. జోర్డాన్ సరిహద్దు వెంట ఉన్న అరబ్బు ఊళ్లలో ఆ రోజు కర్ఫ్యూ వేళను ముందుకు జరిపి, సాయంత్రం 5 గంటల నుండి అని నిర్ణయించినారు. ఆ ప్రాంతపు బ్రిగేడ్ కమాండర్ కర్నల్ షద్మీ. అతని కింద సరిహద్దు పోలీసు బెటాలియన్ అధికారి మేజర్ మలింకీ. కర్ఫ్యూ సంగతి తెలియక పనినుండి తిరిగి వచ్చేవాళ్ల మాటేమిటని మలింకీ అడిగితే, షద్మీ అరబ్బీలో "అల్లా యర్హముహు" అన్నాడట. ఇది మలింకీ కోర్టులో చెప్పిన మాట. తాను అట్లా అనలేదని షద్మీ వాదించినాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. ఆ మాటకు అర్థం అల్లా అతని మీద కరుణ చూపుగాక అని. రహం, రహ్మత్, మర్హూం అని మనం రోజూ పలికే మాటలన్నీ ఆ వేరు నుండి వచ్చినవే. జనాజా ఇంటినుండి కదిలినప్పుడు మనం కన్నీళ్లతో పలికే దుఆ అది. మలింకీ చెప్పింది నిజమైతే, ఇంకా బతికివున్న మనుషుల గురించి, సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తున్న మనుషుల గురించి ఆ మాట అన్నారు. నేను ఇరవై ఏళ్లుగా భాష చెబుతున్నాను, ఒక మాటను ఇట్లా వాడటం మరెక్కడా చూడలేదు.

మలింకీ తన అధికారులకు ఆ హుకుం అందించినాడు. ఆడవాళ్లు, పిల్లల సంగతి ఎవరో అడిగితే వారికీ అదే అన్నాడు.

సాయంత్రం 4:30కు ఒక సార్జెంటు వచ్చి ఊరి ముఖ్తార్‌కు కర్ఫ్యూ సంగతి చెప్పినాడు. ముఖ్తార్ అంటే మన పల్లెల్లో పాతకాలపు పటేల్ లాంటివాడు. బయట పనుల్లో 400 మంది ఉన్నారు, అరగంటలో వారికెట్లా కబురు చేసేది అని ముఖ్తార్ మొరపెట్టుకున్నాడు. వచ్చేవారిని పోనిస్తాము, ఆ బాధ్యత నాది అని సార్జెంటు భరోసా ఇచ్చినాడు.

మగ్రిబ్ వేళకు జనం ఇళ్లకు మళ్లినారు. ఊరి పడమటి దారిలో లెఫ్టినెంట్ దహాన్ మనుషులు నిలబడి ఉన్నారు. మొదట సైకిళ్ల మీద వచ్చినవారిని ఆపి, దింపి, వరుసగా నిలబెట్టి కాల్చినారు. తరువాత బండ్లు, లారీలు. ఒక లారీలో జైతూన్ తోట పని చేసి వస్తున్న ఆడవాళ్లున్నారు. చనిపోయినట్లు పడివుండి బతికినవారు కొందరు, తరువాత కోర్టులో సాక్ష్యం చెప్పింది వాళ్లే. సుమారు ఒక గంటలో అయిపోయింది. చనిపోయినవారు 48 మంది: 19 మంది మగవారు, 6 గురు ఆడవారు, 8 నుండి 17 ఏళ్ల లోపు పిల్లలు 23 మంది. ఒక గర్భిణి కడుపులోని బిడ్డను కూడా కలిపి ఊరివారు 49 అంటారు. రాత్రి పక్క ఊరు జల్జూలియా నుండి మనుషులను తెచ్చి గోతులు తవ్వించి పూడ్చినారు. ఊళ్లో కర్ఫ్యూ ఉంది గనుక సొంతవారు మట్టి వేయడానికి కూడా రాలేదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచినది చెబుతాను. అదే బెటాలియన్, అదే హుకుం, అదే సాయంత్రం. కఫ్ర్ ఖాసిం పక్కనే కఫ్ర్ బరా అనే ఊరుంది. అక్కడి అధికారి పనులనుండి వచ్చేవారిని ఇళ్లకు పోనిచ్చినాడు. ఆ ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. అతనిచేతిలోనూ తుపాకి ఉంది, అతనికీ పైఅధికారి ఉన్నాడు. యుద్ధం, పగ, ద్వేషం అని పెద్ద పెద్ద కారణాలు మనం చెప్పుకుంటాము. అవన్నీ ఆ రెండు ఊళ్లకూ సమానమే గదా!

సంగతి బయటకు పొక్కకుండా పత్రికల మీద సెన్సారు పెట్టినారు. దానిని బయటపెట్టినది పార్లమెంటు సభ్యులు తౌఫీఖ్ తూబీ, మయిర్ విల్నర్. ఒకరు అరబ్బు, ఒకరు యూదుడు, ఇద్దరూ కమ్యూనిస్టులు. ఇరాక్ నుండి వచ్చిన యూదు యువకుడు లతీఫ్ దోరీ కూడా సాక్ష్యాలు సేకరించినాడు. చివరకు డిసెంబరులో ప్రధాని బెన్ గురియన్ పార్లమెంటులో ఒప్పుకోక తప్పలేదు.

పదకొండు మంది మీద మిలిటరీ కోర్టులో కేసు నడిచింది. 1958 అక్టోబర్‌లో తీర్పు చెప్పినది జడ్జి బెంజమిన్ హలేవీ. జర్మనీలో పుట్టి, 1933లో అక్కడినుండి వచ్చేసిన మనిషి. తరువాత 1961లో ఐక్‌మన్ కేసు విన్న ముగ్గురు జడ్జీలలో ఒకడు. పైవాడి హుకుం, మేము పాటించినాము అన్నది ముద్దాయిల వాదన. హలేవీ ఒప్పుకోలేదు. కొన్ని హుకుంల మీద నల్లజెండా ఎగురుతూనే ఉంటుంది, కళ్లున్నవాడికి అది కనబడాలి, అట్లాంటి హుకుంను పాటించడమే నేరం అని రాసినాడు. ఎనిమిది మందికి శిక్ష పడింది. మలింకీకి 17 ఏళ్లు, దహాన్‌కు 15 ఏళ్లు.

తీర్పు గొప్పది, ఆ దేశపు చట్టంలో నేటికీ ఉంది. శిక్ష సంగతి వేరు. అప్పీలు కోర్టు కొంత తగ్గించింది, సైన్యాధిపతి కొంత తగ్గించినాడు, దేశాధ్యక్షుడు మరికొంత తగ్గించినాడు. 1960 వచ్చేసరికి ఒక్కడూ జైల్లో లేడు. ఆ ఏడే రమ్లా మునిసిపాలిటీలో అరబ్బుల వ్యవహారాలు చూసే ఉద్యోగం దహాన్‌కు ఇచ్చినారు. చదివి నమ్మలేక రెండోసారి చదివినాను.

ఇక కర్నల్ షద్మీ. అతణ్ణి విడిగా విచారించి 1959లో హత్యానేరం కొట్టివేసినారు. కర్ఫ్యూ వేళ మార్చే అధికారం లేకుండా మార్చినాడన్న తప్పుకు జరిమానా వేసినారు. 10 ప్రుతాలు. అంటే ఒక ఇజ్రాయెలీ పౌండులో నూరో వంతు, ఒక్క చిల్లర నాణెం. 'షద్మీ గ్రుష్' అని అది అక్కడి అరబ్బుల నోట సామెతలా నిలిచిపోయింది. 1957లో ప్రభుత్వం ఊళ్లో సుల్హ్ విందు ఒకటి ఏర్పాటు చేసి రాజీ అయిపోయిందని చెప్పుకున్నది. బలవంతంగా కూర్చోబెట్టినారని ఊరివారి మాట.

2007లో బక్రీద్ సందర్భంగా అధ్యక్షుడు షిమోన్ పెరెస్ ఆ ఊరికి వెళ్లి క్షమాపణ కోరినాడు. 2014లో అధ్యక్షుడు రివ్లిన్ సంస్మరణ సభకు వెళ్లినాడు. కోర్టు విచారణ కాగితాలు మాత్రం 2022 దాకా మూసిపెట్టే ఉంచినారు.

క్లాసులో ఇదంతా అయ్యాక ఆ కుర్రవాడు మళ్లీ లేచి నిలబడినాడు. ఈసారి అంకె అడగలేదు. "సార్, కఫ్ర్ బరా అధికారి పేరేమిటి?" అన్నాడు. ఆ పేరు బోర్డు మీద ఉర్దూలో రాసినాను. పిల్లలు రాసుకున్నారు.