చివర్లో 255 ఎవరిది? 0 ఎవరిది?

ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ ఓపెన్ చేసి మీ ఐపీ అడ్రస్ చూడండి. 192.168.1.7 లాంటిది కనిపిస్తుంది. మామూలుగా ఇంటి వైఫైలో చివరి నంబర్ ఒక్కటే మారుతుంది. 0 నుంచి 255 దాకా మొత్తం 256. కానీ ఫోన్లకీ టీవీలకీ ఇవ్వగలిగేవి 254 మాత్రమే. మరి ఆ రెండూ ఏమైనట్టు?

255 బ్రాడ్‌కాస్ట్ అడ్రస్. హోస్ట్ అడ్రస్‌కి పంపడమంటే ఒకరింటి తలుపు కొట్టడం. 255కి పంపడమంటే ఊరంతా దండోరా వేయడం. 0 మాత్రం నెట్‌వర్క్ పేరు అని కాలేజీలో చెప్పి వదిలేస్తారు. దాని వెనక ఒక కథ ఉంది.

1983లో బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి 4.2 బీఎస్‌డీ అనే యునిక్స్ వచ్చింది. ఐపీలో బ్రాడ్‌కాస్ట్‌కి అప్పటికింకా స్టాండర్డ్ లేదు. వాళ్లు దండోరాకి 0 వాడేశారు. 1984 అక్టోబర్‌లో స్టాన్‌ఫర్డ్ నుంచి జెఫ్రీ మోగల్ ఆర్‌ఎఫ్‌సీ 919 రాశారు. హోస్ట్ భాగంలో బిట్లన్నీ 1 ఉండాలన్నారు. ఎనిమిది 1లు అంటే 255.

ఇక్కడే తలనొప్పి మొదలైంది. కొత్త మెషీన్ 255కి దండోరా వేస్తే, పాత మెషీన్‌కి అది దండోరా అని అర్థం కాదు. ఎవరికో వచ్చిన ఉత్తరం అనుకుని, తనే అందించాలని చూసేది. అందుకోసం "255 ఎవరండీ?" అని మళ్లీ అందరినీ అడిగేది. పాతవి యాభై ఉంటే యాభై అరుపులు ఒకేసారి! ఇలాంటి దాన్నే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు. 1986లో 4.3 బీఎస్‌డీ దారికొచ్చింది. కానీ పాత మెషీన్లు ఒక్కరోజులో పోవు కదా. అందుకే 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1122, 0తో వచ్చే పాత దండోరాని కూడా గుర్తుపట్టమంది. ఇక 0ని ఎవరికైనా ఇస్తే చిక్కే.

1998 నాటికి ఇదే దండోరా ఆయుధమైంది. దాని పేరు స్మర్ఫ్ అటాక్. అటాకర్ తన అడ్రస్ బదులు బాధితుడి అడ్రస్ పెట్టి, వేరే నెట్‌వర్క్ బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కి పింగ్ పంపేవాడు. అక్కడి మెషీన్లన్నీ ఆ అమాయకుడికే జవాబిచ్చేవి. ఒక్క పింగ్‌కి వందల జవాబులు. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 వచ్చాక, బయటి నుంచి వచ్చే దండోరాని రౌటర్లు మామూలుగా ఆపేయాలి అన్నది రూల్ అయింది. ఐపీ వెర్షన్ 6లో అయితే బ్రాడ్‌కాస్టే లేదు.

అందరికీ ఒకేసారి వినిపించే గొంతు ఇచ్చేముందు, దాన్ని ఎవరు వాడొచ్చో తేల్చుకోవాలి. ఇంటర్నెట్‌కి ఆ మాట అర్థమవడానికి పదిహేనేళ్లు పట్టింది.