మగ్గము గలవారు, మగ్గము లేనివారు

2020 సంవత్సరము మార్చి 25వ తేదీని కోవిడు మహమ్మారి భయమున దేశమంతటను పనులు నిలిచిపోయినవి. బందరు గిలకలదిండి రేవునను, దివిసీమ తీరమునను పడవలు ఒడ్డునకు చేరినవి. పెడనలో మగ్గములును, కలంకారీ అద్దకపు బల్లలును మూగవోయినవి. గుడివాడ వీథులలో ఆటోలు కదలలేదు. ఏనాటి కూలి ఆనాడే తినువారి యిండ్లలో, రోగము సోకకున్నను, పొయ్యి ఆరినది.

ప్రభుత్వములు ఊరకుండలేదు. ఏప్రిల్ నెలలో రాష్ట్రప్రభుత్వము పేదకుటుంబములకు 1,000 రూపాయల చొప్పున ఇచ్చినది. కేంద్రప్రభుత్వము జనధన ఖాతాలుగల స్త్రీలకు నెలకు 500 వంతున మూడు నెలలు వేసినది. ఇవి కొలది దినముల గ్రాసమే గాని పోయిన కూలికి బదులు గావు. అంతకు మించిన సాయము వృత్తులనుబట్టి వచ్చినది. మే 6న సముద్రపు వేటగాండ్రకు 10,000. జూన్ 4న సొంత ఆటో నడుపుకొనువారికి 10,000. జూన్ 20న, గడువునకు ఆరు నెలలు ముందుగా, 81,024 చేనేత కుటుంబములకు 24,000 చొప్పున ముట్టినవి.

ఈ పథకములు 2019లోనే పుట్టినవి. కావున జాబితాలు సిద్ధముగా నుండి సాయము త్వరగా అందినది. ఇది మెచ్చదగినదే. అయితే ఆ జాబితాలు దేనిని లెక్కించినవి? ఏటేట వేట నిషేధము వచ్చును గనుక, పడవతోపాటు దానిపై పనిచేయువారి పేర్లును వ్రాసికొనిరి. నేతపనిలో అట్లు గాదు. సొంత మగ్గమే గుర్తు. పరుని మగ్గముపై కూలికి నేయువాడును, కండెలు చుట్టు ముసలమ్మయు, దిమ్మెతో అద్దకము వేయు పనివాడును ఆ లెక్కలోనికి రాలేదు. అద్దె ఆటో నడుపువాని గతియు అంతే. పనిముట్టు గలవానికి సాయము. చేతులు మాత్రమే గలవానికి శూన్యము!

ఉద్యోగము పోయిన కార్మికునకు సగటు వేతనములో సగము, 90 దినములవరకు, రాజ్య కార్మిక బీమా సంస్థ ఇచ్చుట కూడ ఆ యేడే జరిగినది. కాని బీమా గలవారికే అది దక్కును; అద్దకపు కూలికి బీమా ఎక్కడిది?

2021 ఆగస్టు 26న అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయుటకు ఈ-శ్రమ్ అను పట్టిక తెరవబడినది. పేరు వ్రాసికొనుట మంచి ఆరంభమే. ఆ పేరునకెదుట, పని పోయిననాడు ఇంత కూలి అను హక్కును వ్రాయుట మిగిలియున్నది. ఉప్పెనలెరిగిన ఈ తీరవాసులకు గట్టు ఎప్పుడు వేయవలయునో చెప్పనక్కరలేదు. నీరు వచ్చిన పిదప గాదు.