బంగారు చేపల వీథి

హాంకాంగు నగరమున, కౌలూను భాగమందు మోంకాక్ అను పేట కలదు. అందలి తుంగ్‌చోయ్ వీథిలో ఒక భాగమునకు లోకులు పెట్టిన పేరు బంగారు చేపల అంగడి. మేము పోవునప్పటికి పొద్దు బారెడెక్కినది. అంగళ్ల ముంగిట ఇనుప చట్రములకు, నీరు పోసి గాలితో ఉబ్బించిన ప్లాస్టికు సంచులు వందలకొలది వ్రేలాడుచుండెను. ఒక్కొక్క సంచిలో ఒకటో రెండో చేపలు. సంచిపైననే సిరాతో ధర. మూతి బిగించుటకు ముందు అందు ప్రాణవాయువు నింపుదురు. ఇల్లు చేరువరకు చేపకు ఆధారమదియే.

తుంగ్‌చోయ్ అనగా మన తూటికూర. ప్రక్కనున్న సైయుంగ్‌చోయ్ వీథి పేరును నీటిమళ్లలో పెరుగు మరియొక కూరదే. కౌలూను దక్షిణభాగము 1860లో బ్రిటిషువారి వశమగునాటికి ఇచ్చట చిన్న పల్లెలు, కూరమళ్లు ఉండెడివి. పిదప మళ్లు పూడ్చి మేడలు లేపిరి. 1997లో నగరము మరల చైనాకు చేరినది. కూర పోయినను పేరు పోలేదు. మడినీరు పోయి సంచినీరు వచ్చినదని మాలో మేము నవ్వుకొంటిమి.

ఈ చేపకు మూలము బూడిదవన్నె మంచినీటి చేప. ఎప్పుడో ఒకటి ఎఱ్ఱగనో పసుపుగనో పుట్టుట కలదు. అట్టివానిని ఏరి వేరుగ పెంచు విద్య సుంగ్ రాజుల కాలమున (960–1279) చైనాలో వృద్ధిపొందినది. మింగ్ రాజుల నాడు (1368–1644) చేపలు కొలనులను వీడి తొట్లలోనికి, ఇండ్లలోనికి వచ్చినవి. కొలనులో నిలువజాలని పొట్టి ఒడళ్లు, జంట తోకలు తొట్టిలో బ్రతికినవి. పైనుండి చూచువారి కంటికి ఏది ఇంపైనదో అదియే వంశము నిలుపుకొన్నది. 1596లో చాంగ్ చియెన్‌తె అను నాతడు ఈ చేపలపైననే ఒక గ్రంథము వ్రాసెను.

ఆ సంచులను చూచుచుండగా మాకొక పాత తప్పు జ్ఞప్తికి వచ్చినది. మా చిన్నమ్మాయి ముచ్చటపడగా ఒకమారు రెండు బంగారు చేపలను తెచ్చి గుండ్రని గాజుపాత్రలో ఉంచితిమి. నీరు తేటగ ఉండవలెనని ప్రతి ఉదయము కుళాయినీటితో మార్చితిమి. నాలుగవనాడు రెండును తేలినవి. పిల్ల ఆ పూట అన్నము ముట్టలేదు. కుళాయినీటిలోని క్లోరిను చేప మొప్పలను కాల్చును. చేప విడుచు మలినములోని అమ్మోనియాయును విషమే. దానిని హరించు సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడుటకు వారములు పట్టును. మేము వానికి ఒక దినమైనను గడువీయలేదు.

లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో ప్రకటించిన ప్రయోగమును రెండు చిన్న బంగారు చేపలతోనే జరిగినది. పండ్రెండు గాలనుల గాజుపాత్రలో ఆయన నీటిమొక్కను నాటెను. మొక్క ప్రాణవాయువు నిచ్చెను గాని, కుళ్లిన ఆకులు నీటిని చెఱచినవి. అంతట నత్తలను వదలెను. అవి కుళ్లును తినగా నీరు తేటపడినది.

మా ప్రక్కనే ఒక కుఱ్ఱవాడు ఒక సంచిని వెలుతురు కెత్తి చాలసేపు చూచి, మరల కొక్కెమునకు తగిలించెను. ఆనాడు అతడు చేపను కొనలేదు. నీటిమొక్కల కట్ట యొకటి, దోసెడు గులకరాళ్లు మాత్రము కట్టించుకొని పోయెను.