నేలకు దిగిన మోటారు కారు

శ్రోతలలో పెద్దవారు పలువురు ఎడ్లబండిలోను, జట్కాలోను ప్రయాణము చేసియుందురు. రాతిబాటపై ఎడ్లబండి సాగునపుడు చక్రమునకు తగిలిన ప్రతి దెబ్బయు కూర్చున్నవాని వెన్నెముకకు తగులును. జట్కాలో అంత బాధ లేదు. ఇరుసునకును, బండికిని నడుమ బిగించిన ఉక్కు కమానులే అందుకు కారణము. దెబ్బను తాము భరించి, మనిషికి కొంత మాత్రమే అందించుట వాని పని. ఈ స్ప్రింగును గూర్చియు, దానిని కోసి పాత మోటారు కార్లను నేలబారుగా దించిన యువకులను గూర్చియు, వారి కారణముగా పుట్టి, అరువది యారేండ్లు నడచి, రద్దయిన ఒక చట్టమును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిమి.

స్ప్రింగుపై బలము రెట్టింపైనచో దాని కుదింపును రెట్టింపగునను నియమమును ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. 1804లో ఒబడయా ఎలియట్ అను లండను బండ్ల తయారీదారు కమానులను జంటగా కూర్చు పద్ధతికి పేటెంటు పొందెను. గుఱ్ఱపు బండ్లనుండి కమానులు మోటారు కార్లకు సంక్రమించినవి. కాని మోటారు కారునకు ఒక క్రొత్త చిక్కు కలదు. దాని ముందు చక్రములు బరువును మోయవలెను, దారియు మళ్ళింపవలెను. రెండింటిని ఒకే ఇరుసునకు బిగించి మెత్తని కమానులు వేసినచో, వేగము హెచ్చినప్పుడు చక్రములు అదరి స్టీరింగు వశము తప్పుచుండెను. అందుచే ముందు కమానులను బిరుసుగా చేయుచుండిరి. ఆ బిరుసుదనమును ప్రయాణికుడు అనుభవించుచుండెను.

ఈ చిక్కు విప్పినవారిలో మారిస్ ఆలీ ముఖ్యుడు. ఆయన రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి, 1930లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీలో చేరిన ఇంజనీరు. ఒక పెద్ద కారునకు ఇటునటు జరుపదగిన బరువులు కూర్చి పరీక్షలు జరిపి, ముందు స్ప్రింగులు వెనుక స్ప్రింగులకంటె మెత్తగా నున్నచో కారు ఊయలవలె ఊగక సమముగా సాగునని తేల్చెను. మెత్తదనమునకు ఇరుసు అడ్డు వచ్చుచుండెను గనుక దానినే తొలగించిరి. ఒక్కొక్క చక్రమును వేరుగా రెండు భుజములపై నిలిపి, నడుమ చుట్టలుగల స్ప్రింగు నుంచిరి. 1934 నాటి కాడిలాక్, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ఈ యేర్పాటు వెలువడెను. షెవ్రోలే 1939లోను, ఫోర్డు 1949లోను ఇట్టి పద్ధతినే చేపట్టెను.

ఇంత శ్రమపడి సాధించిన మెత్తదనమును కొందరు యువకులు తమ చేతులతోనే తగ్గించుకొనిరి. ఎందుకు? సమాధానము లాస్ ఏంజెల్స్ నగర వీధులలో నున్నది. 1943 జూన్ మాసమున ఆ నగరములో మెక్సికో సంతతి యువకులు ధరించు వదులు దుస్తులు చూచి ఓర్వలేక, నావికులును సైనికులును వారిని వీధులలో పట్టి కొట్టి బట్టలు చింపివేసిరి. యుద్ధము ముగిసిన పిదప ఆ పేటల యువకులు చవకగా దొరకు పాత షెవ్రోలే కార్లను కొని, శ్రద్ధతో బాగుచేసి, మెరుగుపెట్టిరి. అక్కడి ఇతర యువకులలో పలువురు వేగమునకై కార్లను మార్చుకొనుచుండగా, వీరికి ‘క్రిందుగా, మెల్లగా’ అనునది నినాదమయ్యెను. విట్టియర్ బులివార్డుపై నేలనంటినట్లున్న కారులో నెమ్మదిగా సాగుట, మమ్ము చూడుడని నలుగురికి చెప్పుట వంటిది.

కారును దించుటకు మొదట వెనుక పెట్టెలో ఇసుకబస్తాలు వేసిరి. పిదప స్ప్రింగులను కోసిరి. ఇక్కడ కొంత లెక్క కలదు. స్ప్రింగులో పనిచేయు చుట్టలు పది యున్నవనుకొందము. ఒకటి కోసినచో ఎత్తు తగ్గును. అంతతో ఆగదు. మునుపు పది చుట్టలు పంచుకొని కుదించుకొన్న బరువునకు ఇప్పుడు తొమ్మిదియే వంగును గనుక, బిరుసుదనము తొమ్మిదవ వంతు పెరుగును. స్ప్రింగు చక్రము దగ్గర గాక భుజము నడుమ నుండుటచే, పలు కార్లలో అది అంగుళము తగ్గినచో కారు మూతి రెండంగుళములవరకు దిగును. తెలియక ఎక్కువ కోసినవాని కారు చిన్న గుంటకే అడుగున నున్న రబ్బరు దిమ్మెను తాకి ఎగిరిపడును. చక్రముల వాలు మారి టైర్లు ఒకవైపే అరుగును. దీపముల కాంతి రోడ్డుపై దగ్గరలోనే పడును. రంపముతో కోయుటకు ఓపిక లేక గ్యాసు మంటతో కాల్చి క్రుంగదీసినవారును కలరు. అట్లు కాల్చినచో ఉక్కుకు పెట్టిన పదును పోయి, కుడి యెడమలు సమముగా నిలువవు. తెలిసిన పనివాడు కొంచెము కొంచెముగా కోసి, రెండు వైపులును కొలిచి, చక్రముల వాలు తిరిగి సరిదిద్దుకొనును.

1958 జనవరి 1 నుండి కాలిఫోర్నియాలో ఒక చట్టము అమలులోనికి వచ్చెను. చక్రములు తప్ప కారులోని మరి యే భాగమైనను చక్రపు ఇనుప అంచు అడుగుకంటె క్రిందికి వచ్చునట్లు మార్చిన కారును నడుపరాదని దాని సారాంశము. టైరు గాలి పోయినచో కారు అడుగు నేలకు రాచుకొనునను వాదమును పూర్తిగా త్రోసిపుచ్చలేము. కాని ఏ పేటలవారి కార్లు క్రుంగియుండునో అందరికి తెలిసినదే. ఆపి చీటీ వ్రాయుటకు పోలీసులకు అది చక్కని సాకయ్యెను.

ఆ చట్టమునకు జవాబు ఒక వర్క్‌షాపునుండి వచ్చెను. రాన్ అగీర్రే అను యువకుడు 1959 ప్రాంతమున తన కార్వెట్ కారునకు హైడ్రాలిక్ పంపులు అమర్చెను. మీట నొక్కినచో నూనె ఒత్తిడితో కారు పైకి లేచును. మరల నొక్కినచో దిగును. పోలీసు కనబడగనే కారు చట్టప్రకారము నిలుచును. అతడు మలుపు తిరుగగనే నేలకు దిగును. కోసిన స్ప్రింగు తిరిగి పెరుగదు గాని ఈ యేర్పాటులో ఎత్తు మనిషి చేతిలో నుండును. కొలదికాలములోనే ఇంపాలా వంటి కార్లలో ఈ పద్ధతి వ్యాపించెను. 1980 దశకములో పలు నగరములు కార్లతో వీధులలో నెమ్మదిగా తిరుగుటనే నిషేధించినవి. అయినను ఆచారము నశింపలేదు.

న్యూమెక్సికోలోని చిమాయో గ్రామమునుండి వచ్చిన 1969 నాటి ఫోర్డు ఎల్.టి.డి. కారొకటి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియము సేకరణలో చేరినది. ఒకనాడు వీధిలో ఆపదగినదిగా ఎంచబడిన వస్తువు దేశచరిత్రలో భాగమయ్యెను. 2023 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు సంతకముతో పాత చట్టము రద్దయి, 2024 జనవరి 1 నుండి క్రుంగిన కార్లకును, వాని ఊరేగింపులకును అడ్డు తొలగినది.

శాసనసభ తాను చేసిన చట్టమును రద్దు చేసికొనగలదు. రాబర్టు హుక్ చెప్పిన నియమమును రద్దుచేయుట ఎవరి తరమును కాదు. కనుక పాత కారు ముందు స్ప్రింగును కోయదలచినవారు రంపము పట్టుటకు ముందు కొలబద్ద పట్టుట మేలు. తమ వీధిలో ఒక కారు క్రుంగి మెల్లగా సాగుట చూచి నవ్వువారును, అది ఎవరి కారో, ఎన్ని సాయంకాలముల శ్రమయో ఒక్క క్షణము తలచుకొనుట మేలని మా మనవి.