ధాన్యకటకం ఎవరిది?

రాజధాని అంటే రాజు కాపురముండే ఊరని మన చరిత్ర పుస్తకాలు నేర్పుతాయి. కర్నూలు వాళ్లకు ఆ భ్రమ లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని గుడారాలతో సహా ఇక్కడికి వచ్చింది. 1956 నవంబరు 1న హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఊరు మాత్రం మిగిలింది. మా ఊరి పక్కన పారే తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి సముద్రానికి పోతూ ఒరుసుకునే ధాన్యకటకాన్ని, అంటే నేటి అమరావతి, ధరణికోటలను, ఈ కంటితోనే చూడాలి.

శాతవాహనులు ఆ నగరాన్ని ఏలారు, నిజమే. కాని దాన్ని పోషించింది కృష్ణాతీరపు పంట, నది దారిన సముద్రందాకా సాగిన వర్తకం. వారి సీసపు నాణేల మీదికి రెండు స్తంభాల ఓడ ఊరికే ఎక్కలేదు. మహాచైత్యం లేచింది ఆ మిగులు మీదనే.

చైత్యపు ప్రాకృత దానశాసనాలు చూడండి. రాజులకంటే గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాలమ్మేవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం విధికుడనే చర్మకారుడి దానం. తల్లినీ, భార్యనూ, అన్నదమ్ములనూ, బిడ్డలనూ కలుపుకుని ఇచ్చాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడట! తోలుపని చేసేవాడి ఇంట ఉపాధ్యాయుడు! అదే వృత్తివాణ్ణి గుడి గడప తొక్కనివ్వని సమాజాన్ని తర్వాతి కాలంలో మనం ఎరుగుదుం. బౌద్ధం క్షీణించిందని ఒక్క వాక్యంతో దాటిపోయే పండితులు, దానితోపాటు విధికుడి స్థానం ఏమైందో అడగరు.

అలాగని దాన్ని సమసమాజమని మురిసిపోవడం తొందరపాటు. విధికుడి చేతిలో దానమిచ్చేపాటి సొమ్ముంది. పలనాటి సున్నపురాయిని తొలిచి, మోసి తెచ్చిన కూలివాడికి అది లేదు. అతని పేరడిగితే శాసనాలు పలకవు.

మన భాషకూ ఇక్కడొక ఆనవాలుంది. అమరావతి రాతి ముక్క మీది ‘నాగబు’ను తొలి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. ఆ మాట దొరికింది కావ్యంలో కాదు, రాతి మీద.

ఇక విధ్వంసం. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కడుతుంటే చైత్యపు ఇటుకలు, పాలరాళ్లు అనుకున్న పలకలు కట్టుబడికి పోయాయి. 1797లో మెకంజీ వచ్చి చూశాడు. 1845లో ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన ఫలకాలు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నైలో ఉన్నాయి. విద్యార్థులను వెంటబెట్టుకుని అమరావతి వెళ్లిన ఉపాధ్యాయుడు చూపించగలిగేది ఇటుకల దిబ్బ, దాని పక్కన ఒక చిన్న మ్యూజియం.